దెయ్యాల కథలు అడిగే పిల్లలకు ఏ పుస్తకం ఇవ్వాలి?

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లలకు భయం గొలిపే కథలు ఇవ్వవచ్చునా, ఇస్తే ఎటువంటివి ఇవ్వాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకటిగా చేశాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. బళ్లో స్నేహితురాళ్లందరూ ‘గూస్‌బంప్స్’ పుస్తకాలు ఒకరి దగ్గర ఒకరు తీసుకుని చదువుతున్నారట, తనకూ కొనిపెట్టమని ఒకటే గొడవ. మా అత్తయ్యగారేమో దీపాలు పెట్టే వేళ దెయ్యాల పుస్తకాలేమిటి, పిల్ల జడుసుకుంటుంది అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అత్తయ్యగారి భయం కొట్టిపారేయవలసినది కాదు. పిల్లలు జడుసుకోవడం నిజంగానే ఉంది, కొన్నాళ్లపాటు నిద్రను, తిండిని చెడగొట్టగలదు కూడా. అయితే ఏ వయసులో దేనికి జడుసుకుంటారన్నది కొంచెం ఆలోచించవలసిన విషయం. నాలుగైదేళ్ల పిల్లలు ఆకారాన్ని చూసి భయపడతారు. కోరలు, ఎర్రటి కళ్లు, గోడ మీద నీడ, ఇవి చాలు. ఏడెనిమిదేళ్లు దాటాక కల్పన ఏదో నిజం ఏదో విడదీసుకోవడం చాలావరకు వస్తుంది కాబట్టి, అప్పటి నుంచి వాళ్లను ఎక్కువగా కలవరపెట్టేవి జరగడానికి వీలున్న సంగతులే: ఇంట్లో దొంగలు పడడం, అమ్మకో నాన్నకో ఏదైనా కావడం, జనంలో తాము తప్పిపోవడం. మూడు తలల రాక్షసుడి కథను నవ్వుతూ చదివేసిన తొమ్మిదేళ్ల పిల్ల, అదే రాత్రి టీవీ వార్తల్లో ఎవరో పిల్లను ఎత్తుకుపోయారని విని నిద్రపోకపోవచ్చు. పుస్తకం కొనేటప్పుడు మనం అట్ట మీది బొమ్మ ఎంత భీకరంగా ఉందో చూస్తాం. లోపలి కథలో భయం ఎక్కడి నుంచి వస్తోందన్నది అంతకంటే ముఖ్యం.

ఈ ఎంపికకు మన అలంకారశాస్త్రం చేసిన ఒక విభజన ఎంతో పనికివస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం వేరు, బీభత్సం వేరు. భయానకానికి ఆయన చెప్పిన కారణాలు వికృతమైన ధ్వనులు, భూతాలు కనబడడం, నక్కల ఊళలు, గుడ్లగూబ కూతలు, ఎవరూ లేని ఇల్లు, అడవి వంటివి. నెత్తురు, పేగులు, పురుగులు బీభత్సం పద్దులోకి వెళ్లాయి, దాని స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, జుగుప్స. తొమ్మిదేళ్ల పిల్లకు మొదటి రకం పుస్తకాలు నిశ్చింతగా ఇవ్వవచ్చు, రెండో రకంతో ఇప్పుడే పని లేదు. ‘మూసి ఉన్న తలుపు దానంతట అదే తెరుచుకుంది’ అన్న వాక్యం దగ్గర పిల్ల తాను ఓర్చుకోగలిగినంత మేరకే ఊహించుకుంటుంది. తెగిపడిన తలను అరపేజీ వర్ణించిన చోట ఆ వెసులుబాటు ఉండదు, రచయిత చూపినదంతా చూడవలసిందే.

ఇక మీరడిగిన పుస్తకాలు. ‘గూస్‌బంప్స్’ ఆర్.ఎల్. స్టైన్ అనే అమెరికన్ రచయిత 1992లో మొదలుపెట్టిన వరుస. 1997 దాకా సాగిన మొదటి విడతలోనే 62 పుస్తకాలు వచ్చాయి. చాలావాటిలో పన్నెండేళ్ల పిల్లవాడో పిల్లో తన కథ తానే చెబుతుంటారు. ప్రకరణాలు చిన్నవి, ప్రతి ప్రకరణం చివర గుండె ఝల్లుమనే వాక్యం ఒకటి ఉంటుంది, పేజీ తిప్పితే చాలాసార్లు అది తమ్ముడు చేసిన ఆకతాయి పని అని తేలుతుంది. ఈ ఎత్తు పెద్దవాళ్లకు రెండో పుస్తకానికే విసుగు పుట్టిస్తుంది కానీ పిల్లలకు మాత్రం అదే ఊరట, ఎందుకంటే భయం పేరుకుపోకుండా పది పేజీలకొకసారి దిగిపోతూ ఉంటుంది. సాహిత్య విలువ పరంగా ఇవి గొప్ప పుస్తకాలని చెప్పలేము. చదవడం అలవాటు లేని పిల్లల చేత కూడా పుస్తకం చివరిదాకా చదివించిన పుస్తకాలని మాత్రం ఒప్పుకోవాలి.

రెండు జాగ్రత్తలు అవసరం. వరుసలో మొదటిదైన ‘వెల్‌కమ్ టు డెడ్ హౌస్’ తరువాత వచ్చిన చాలావాటి కంటే బరువైనది, ఒక కుటుంబం కొత్తగా దిగిన ఊరు ఊరంతా చచ్చినవాళ్లతో నిండి ఉండడం దాని ఇతివృత్తం. మొదటిది కదా అని దానితోనే మొదలుపెట్టనక్కరలేదు. అలాగే మాట్లాడే బొమ్మ ప్రాణం పోసుకుని పిల్లలను ఏడిపించే కథలు ఈ వరుసలో కొన్ని ఉన్నాయి. మీ అమ్మాయి ఇంకా బొమ్మను పక్కలో వేసుకుని పడుకునేదయితే వాటిని ఏడాది పాటు వాయిదా వేయండి. ఏ పుస్తకమైనా ముందు మీరు చివరి ప్రకరణం, ఆ తరువాత మధ్యలో ఒక ప్రకరణం చదివి చూడండి. ఆపద గడిచిపోవడంలో ఆ పిల్ల చేతి పని, తెలివి, ధైర్యం కొంతైనా ఉన్నాయా అన్నది చివర్లో చూడవలసింది. ఎవరో పెద్దవారు వచ్చి రక్షించిన కథ కంటే, పిల్లే ఏదో ఒక ఉపాయం పన్ని బయటపడిన కథ, అది ఎంత భయపెట్టినదైనా, పిల్లను ధైర్యంగా నిద్రపోనిస్తుంది. దీపాలు పెట్టే వేళ గురించి అత్తయ్యగారు చెప్పినది పాటించండి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చదవమనండి. ఆ మాట మీద ఇంట్లో ఇద్దరూ గెలిచినట్టే.

ప్రశ్న: మా వాడికి పదేళ్లు. ఇంగ్లీషు మీడియమే అయినా తెలుగు చదవగలడు. తెలుగులో ఈ వయసుకు తగిన దెయ్యాల కథలు ఏమున్నాయి? నేను చిన్నప్పుడు చందమామలో బేతాళ కథలు చదివినవాడిని. శవం, శ్మశానం ఉన్న కథలు ఇవాళ్టి పిల్లలకు ఇవ్వవచ్చా అని మా ఆవిడ సందేహం. (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: ఇవ్వవచ్చు. ఈ వయసుకు బేతాళ కథలంత చక్కగా అమరిన భయం కథలు మరో భాషలోనైనా తక్కువేనని మా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చూద్దాం.

అర్ధరాత్రి, శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, ఆ శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు, శవంలోంచి మాట్లాడే బేతాళుడు. భయపెట్టవలసిన సరంజామా అంతా మొదటి పేరాలోనే ఉంది. ఆ వెంటనే బేతాళుడు కథ మొదలుపెడతాడు, ఆ కథలో మాత్రం దెయ్యాలు ఉండాలన్న నియమం లేదు. రాజులు, వర్తకులు, దొంగలు, పెళ్లి సంబంధాలు, మాట తప్పినవాళ్లు, తప్పనివాళ్లు ఉంటారు. పిల్లవాడు భయాన్ని గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్లి ధర్మసందేహంలో మునుగుతాడు. చివర్లో ప్రశ్న వస్తుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వేయి చెక్కలవుతుంది, చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. ఏ జవాబు చెప్పినా రాజుకు నష్టమే అన్న ఈ బిగింపు పదేళ్ల వాడికి ఎంత నచ్చుతుందో చెప్పనలవి కాదు. పైగా రాజు చెప్పేలోపు తానే జవాబు చెప్పాలని చూస్తాడు. భయపడవలసిన చోట ఆలోచించడం వాడికి అలవాటవుతుంది. ఇన్నిసార్లు శవం జారిపోయినా రాజు విసుక్కోకుండా మళ్లీ చెట్టు దగ్గరకు వెళ్లడం కూడా చిన్న సంగతి కాదు, ‘పట్టువదలని విక్రమార్కుడు’ అని ఊరికే అనలేదు.

ఈ కథలకు మూలం పాతది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఈ ఇరవై ఐదు కథల వరుస ఉంది. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, శవాన్ని తెమ్మన్న భిక్షువు పేరు క్షాంతిశీలుడు. భిక్షువు రాజునే బలి ఇవ్వబోతున్నాడని చివరికి బేతాళుడే హెచ్చరిస్తాడు. సాష్టాంగపడమని భిక్షువు అడిగినప్పుడు, ఎలాగో ముందు నువ్వు చేసి చూపించమని రాజు అంటాడు, అతను వంగగానే తల నరుకుతాడు. ఇంతసేపూ భయపెట్టినవాడు స్నేహితుడయ్యాడు, నమ్మి వెంట వెళ్లినవాడు శత్రువయ్యాడు. భయంకరంగా కనిపించేవాడల్లా చెడ్డవాడు కాకపోవచ్చునన్నది పిల్లలకు ఉపన్యాసం లేకుండా అందే చోటు ఇదే. మీ అబ్బాయికి ఈ ముగింపు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే పత్రికలో చదివిన చాలామందికి అది చేరలేదు. 1947 జూలైలో మొదలైన చందమామలో మూలకథలు అయిపోయిన తరువాత కూడా అదే చట్రంలో కొత్త కథలు దశాబ్దాల తరబడి వచ్చాయి. కత్తి చేతబట్టి శవాన్ని మోస్తున్న రాజు బొమ్మ వేసిన శంకర్ గారి పేరు ఆ కథలతోనే ముడిపడిపోయింది.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. సంస్కృత మూలానికి చేసిన పూర్తి అనువాదం పదేళ్ల వాడికి తగదు. అందులో వ్యభిచారాలు, ఆత్మార్పణలు దాపరికం లేకుండా వస్తాయి. భర్త తల, అన్న తల తారుమారయిన కథలో ఇద్దరు మగవాళ్లు గుడిలో తమ తలలు తామే నరుక్కుంటారు. కొనేటప్పుడు పిల్లల కోసం తిరిగి చెప్పిన ప్రతిని చూసి తీసుకోండి.

రెండోది దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్. 1954లో ‘తోకచుక్క’తో చందమామలో మొదలై ‘రాకాసి లోయ’, ‘శిథిలాలయం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటివి ఏళ్ల తరబడి సాగాయి. చిత్ర గారి బొమ్మలు లేకుండా వాటిని ఊహించుకోవడం కష్టం. వీటిలో దెయ్యాల కంటే మాంత్రికులు, పాడుబడిన కోటలు, వింత మృగాలు ఎక్కువ. భయానకం అద్భుతంతో కలిసి నడుస్తుంది. సాహసం చేసేవాళ్లందరూ దాదాపు కుర్రవాళ్లే కావడం, ఆడపిల్లలకు పెద్దగా పని లేకపోవడం వీటిలో లోటు. అడవి మనుషుల చిత్రణ కూడా ఇవాళ చదివితే అక్కడక్కడ ఇబ్బందిగా ఉంటుంది, చదివాక ఆ సంగతి వాడితో మాట్లాడండి.

ఈ కాలపు పిల్లలు, ఈ కాలపు ఊళ్లు ఉన్న భయం కథలు తెలుగులో తక్కువ. పిల్లల పుస్తకాలు ప్రచురించే ‘మంచి పుస్తకం’ సంస్థ వారి జాబితా, ప్రథమ్ బుక్స్ వారు ఉచితంగా చదువుకోనిచ్చే స్టోరీవీవర్ వేదిక వెతికి చూడండి. ఆ వేదికలో కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి కనుక మూడు, నాలుగు స్థాయిల్లో వెతకండి. తెలుగును కూడబలుక్కుని చదివే పిల్లవాడికి కథలోని భయం అందదు, వాక్యం పూర్తయ్యేసరికి ఉత్కంఠ చల్లారిపోతుంది. కాబట్టి మొదటి రెండు మూడు కథలు మీరే చదివి వినిపించండి. బేతాళుడి ప్రశ్న దగ్గర ఆపి, వాడు జవాబు చెప్పిన తరువాతే రాజు జవాబు చదవండి.

ప్రశ్న: మా చిన్నతనంలో కొరివి దెయ్యాలు, బ్రహ్మరాక్షసుల కథలు వింటూ పెరిగాం, మాకేమీ కాలేదు. ఇప్పుడు మనవడికి చెబుతుంటే మా అబ్బాయి వద్దంటున్నాడు. పుస్తకాలయితే ఫరవాలేదట, నా కథలు పనికిరావట. (ఒక తాతయ్య, తెనాలి)

జవాబు: మీ కథలు పనికిరావని మేమనము. చెప్పేవారి గొంతు, మధ్యలో ఆగి పిల్లవాడి ముఖం చూసి కథను మెత్తబరచగలగడం ఏ పుస్తకానికీ లేని సౌకర్యాలు. కానీ మీ అబ్బాయి అభ్యంతరంలో ఒక న్యాయం ఉండవచ్చు. మీ కథలోని దెయ్యం ఎక్కడ ఉంటుంది? ‘అనగనగా ఒక ఊళ్లో’ ఉంటే పిల్లవాడు కథ అవగానే ఆ ఊరు వదిలి వచ్చేస్తాడు. మన పెరట్లో చింతచెట్టు మీద ఉంటే రాత్రి లఘుశంకకు లేచినప్పుడు కూడా వాడితోనే ఉంటుంది. ‘ఓ స్త్రీ రేపు రా’ అని గోడల మీద, తలుపుల మీద రాసుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ పుకారు పెద్దవాళ్లను సైతం అంతగా పట్టుకోవడానికి కారణం అది ఎవరో రాజకుమారి తలుపు గురించి చెప్పకపోవడమే, తట్టేది మన తలుపునే అన్నది.

రెండో సంగతి, అన్నం తినకపోతే దెయ్యం పట్టుకుపోతుంది, పడుకోకపోతే బూచాడు వస్తాడు అనే మాటలు కథలు కావు, బెదిరింపులు. కథలో భయానికి ముగింపు ఉంటుంది, బెదిరింపుకు ఉండదు. ఈ రెండూ తీసేసి, దెయ్యాన్ని బోల్తా కొట్టించిన తెలివైన కుర్రవాడి కథలు చెప్పండి. మీ అబ్బాయిని కూడా వినడానికి కూర్చోమనండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గ్రంథాలయం చూసుకునే ఉపాధ్యాయిని. ఆరు, ఏడు తరగతుల పిల్లలు దెయ్యాల పుస్తకాలు కావాలంటున్నారు. మా చుట్టుపక్కల ఊళ్లలో చేతబడి, బాణామతి అని అనుమానించి మనుషులను కొట్టిన సంఘటనలు ఉన్నాయి. అటువంటి చోట ఈ పుస్తకాలు పెట్టడం సబబేనా? (ఒక ఉపాధ్యాయిని, మహబూబ్‌నగర్ జిల్లా)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది మీదే. నగరంలో పెరిగే పిల్లలకు మంత్రగత్తె అంటే పొడవాటి టోపీ పెట్టుకుని చీపురు మీద ఎగిరే బొమ్మ. మీ పిల్లలకు ఆ మాట వినగానే ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ముఖం గుర్తుకు రావచ్చు. ఒకే పుస్తకం ఈ రెండు చోట్లా ఒకే పని చేయదు.

ఉదాహరణకు రోల్డ్ డాల్ 1983లో రాసిన ‘ది విచెస్’ తీసుకోండి. బామ్మకూ మనవడికీ మధ్య ప్రేమను అంత గాఢంగా చూపిన పిల్లల నవలలు అరుదు. మంత్రగత్తెలు ఆ పిల్లవాణ్ణి ఎలుకగా మార్చేస్తారు, చివరిదాకా అతను ఎలుకగానే ఉండిపోతాడు, అయినా పుస్తకం పిల్లలను కుంగదీయదు, ఎందుకంటే బామ్మ ప్రేమ ఏమీ తగ్గదు. ఇంత మంచి పుస్తకంలోనూ కథకు ఆధారం ఒకటుంది: మంత్రగత్తెలు మామూలు ఆడవాళ్లలాగే కనిపిస్తారు, చేతి తొడుగులు, విగ్గు వంటి గుర్తులను బట్టి పోల్చుకోవాలి. ఎవరో ఒక ఆడమనిషిని గుర్తులు చూసి మంత్రగత్తె అని తేల్చే అలవాటు నిజంగానే ఉన్న ఊళ్లో ఈ ఊహను ఆరో తరగతి పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వడానికి మేము వెనకాడతాం. తరగతిలో మీరు ఉండి చదివించి, చర్చించగలిగితే వేరు సంగతి.

అలాగని అలమరలోంచి దెయ్యాలన్నింటినీ వెళ్లగొట్టవలసిన పని లేదు. తీసివేయవలసినవి పొరుగు మనిషి మీద అనుమానాన్ని కథావస్తువుగా చేసుకుని, ఆ అనుమానమే నిజమని తేల్చే పుస్తకాలు. ఉంచవలసినవి రెండు రకాలు. ఒకటి, బేతాళుడిలాగా, కోటలోని భూతంలాగా, పక్కింటి మనిషితో పోలిక లేని కల్పిత జీవుల కథలు. రెండు, దెయ్యం అనుకున్నది చివరికి మరొకటిగా తేలే పరిశోధన కథలు. రెండోవాటి విషయంలో ఒక మాట. ప్రతి కథలోనూ దెయ్యం ఉత్తదే అని తేలిపోతే పిల్లలు మూడో పుస్తకానికే పసిగట్టి ఆసక్తి వదిలేస్తారు, పాఠం వాసన వాళ్లకు తొందరగా తెలుస్తుంది. రెండు రకాలూ కలిపి పెట్టండి. మహిమలుగా చెప్పుకునే వాటి వెనక ఉన్న కిటుకులను ప్రదర్శించి చూపే జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు మీ జిల్లాలో దొరికితే ఒకసారి బడికి పిలవండి. నిప్పుల మీద నడవడం వెనక ఉన్న కారణం తెలిసిన పిల్లవాడు దెయ్యం కథను మరింత హాయిగా చదువుతాడు.

ప్రశ్న: పన్నెండేళ్ల మా అబ్బాయి అటక మీది పాత పుస్తకాల్లోంచి ‘తులసిదళం’ తీసి చదవడం మొదలుపెట్టాడు. సగం అయిపోయాక చూశాను. లాక్కోవాలా? (ఒక తల్లి, విశాఖపట్నం)

జవాబు: యండమూరి వీరేంద్రనాథ్ గారి ఈ నవలను సీరియల్‌గా వచ్చిన కాలంలో మీరో, మీ అమ్మగారో వారం వారం ఎదురుచూసి చదివే ఉంటారు. అందులో ముఖ్యపాత్ర చిన్నపిల్ల కాబట్టి పిల్లల పుస్తకమేనని చాలామంది పొరబడతారు. కథ నడిచేది ఆ పిల్ల మీద జరిగే క్షుద్రప్రయోగం చుట్టూ. బాధపడేది పిల్ల, పోరాడేది, వాదించుకునేది, ఉపాయాలు వెతికేది పెద్దలు. పిల్ల నిస్సహాయంగా పడి ఉండి చుట్టూ పెద్దలు కొట్టుమిట్టాడే కథ పెద్దల భయాలకు చెందినది. కన్నవాళ్లుగా మనం అది చదివి వణికాం, కొడుకుగా వాడు చదివితే మంచం మీద ఉన్నది తానే అనుకుంటాడు.

లాక్కోవద్దు. సగంలో ఆగిన భయానికి ముగింపు ఉండదు, మిగతా సగం వాడే ఊహించుకుంటాడు, ఆ ఊహ పుస్తకం కంటే అధ్వానంగా ఉండవచ్చు. చదవాలని ఉందో లేదో ముందు వాడినే అడగండి. ఉందంటే మిగిలింది పగలు, హాల్లో కూర్చుని చదవమని, రోజూ ఎక్కడిదాకా వచ్చిందో మీకు చెప్పమని ఒప్పందం చేసుకోండి. వద్దంటే ముగింపు మీరే చెప్పేయండి. అటక మీది మిగతా పుస్తకాలను ఈలోగా ఒకసారి సర్దుకోవడం మంచిది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. అక్టోబరు వచ్చిందంటే మా అమ్మాయి బడి లైబ్రరీ నిండా దెయ్యాల పుస్తకాలే. తనకు పదకొండేళ్లు, చాలా వేగంగా చదువుతుంది. ‘స్కేరీ స్టోరీస్ టు టెల్ ఇన్ ది డార్క్’ తెచ్చుకుంటానంటోంది. మన దేశపు కథలు కూడా ఏమైనా కలపవచ్చా? (ఒక తల్లి, అమెరికా)

జవాబు: ఆ పుస్తకం ఆల్విన్ ష్వార్ట్జ్ జానపద కథలను సేకరించి 1981లో తెచ్చినది, తరువాత మరి రెండు భాగాలు వచ్చాయి. లైబ్రరీలలోంచి తీసేయమని అమెరికాలో 1990ల దశాబ్దంలో అన్నింటికంటే ఎక్కువ ఫిర్యాదులు అందుకున్న పుస్తకాలుగా అక్కడి గ్రంథాలయ సంఘం జాబితాలో మొదటి స్థానం వీటిదే. చిత్రమేమిటంటే కథలు చాలావరకు ఒకటి రెండు పేజీలవి, చలిమంట చుట్టూ చెప్పుకునే రకం. అసలు భయమంతా స్టీఫెన్ గామెల్ వేసిన బొమ్మలలో ఉంది. సిరా కరిగి కారుతున్నట్టుండే ఆ ముఖాలు ఒకసారి చూస్తే పెద్దవాళ్లకు కూడా కళ్ల ముందు నుంచి పోవు. 2011లో ప్రచురణకర్తలు వేరే చిత్రకారుడి చేత బొమ్మలు వేయించి కొత్త ప్రతి తెస్తే పాత పాఠకులే గోల చేశారు, తరువాత పాత బొమ్మలతో మళ్లీ వచ్చింది. కాబట్టి ఈ పుస్తకం విషయంలో చదవనక్కరలేదు, బొమ్మలు తిరగేసి చూస్తే చాలు. మీ అమ్మాయి కళ్లతో చూసినది మరిచిపోలేని స్వభావం గలదైతే 2011 నాటి ప్రతి తీసుకోండి.

వేగంగా చదివే పిల్లకు ఇంతకంటే నిండైన నవలలు ఉన్నాయి. హోలీ బ్లాక్ 2013లో రాసిన ‘డాల్ బోన్స్’ ఒక పింగాణీ బొమ్మ చుట్టూ నడుస్తుంది. దెయ్యం ఉందో లేదో తేలకుండానే, ముగ్గురు స్నేహితులు బాల్యం దాటుతున్నప్పటి దిగులు అందులో చక్కగా వచ్చింది. మన దేశపు కథలలో సత్యజిత్ రాయ్ పిల్లల కోసం రాసిన దెయ్యాల కథలు ఇంగ్లీషులో దొరుకుతాయి. ఆయన తాతగారు ఉపేంద్రకిశోర్ 1913లో స్థాపించిన ‘సందేశ్’ అనే బెంగాలీ పిల్లల పత్రికను రాయ్ 1961లో తిరిగి ప్రారంభించి, దాని కోసం విరివిగా రాశారు. పాత బంగళాలు, రైలు ప్రయాణాలు, ఒంటరి మనుషులు ఉండే ఆ కథలలో నెత్తురు చుక్క కనబడడం అరుదు. రస్కిన్ బాండ్ కొండ ఊళ్ల కథలు వీటి పక్కన సరిగ్గా సరిపోతాయి. తెలుగు కోసమైతే పడుకునే ముందు వారానికొక బేతాళ కథ నోటితో చెప్పండి. ఇంగ్లీషులో చదివించవద్దు.

ప్రశ్న: రెండు నెలల క్రితం మా అత్తగారు పోయారు. తొమ్మిదేళ్ల మా బాబుకు నాయనమ్మ అంటే ప్రాణం. అప్పటి నుంచి దెయ్యాల పుస్తకాలే కావాలంటున్నాడు. ఇవ్వడానికి భయంగా ఉంది, మానిపించడానికీ మనసొప్పడం లేదు. (ఒక తల్లి, నిజామాబాద్)

జవాబు: బాబు అడుగుతున్నది పుస్తకం కంటే ముందు ఒక ప్రశ్న అయి ఉండవచ్చు: నాయనమ్మ ఇప్పుడు ఎక్కడ ఉంది, మళ్లీ వస్తుందా? ఆ ప్రశ్నకు మీ ఇంటి నమ్మకం ప్రకారం, సూటిగా, మీరూ బాబు నాన్నగారూ కలిసి జవాబు చెప్పండి. పెద్దకర్మ నాడు కాకి ముట్టడం, నాయనమ్మ వచ్చిందని చుట్టాలు అనుకోవడం వంటివి వాడు విని ఉంటే వాటి గురించి కూడా అడిగి తెలుసుకోండి. పెద్దలకు ఓదార్పునిచ్చిన మాట పిల్లవాడి చెవిలో వేరే రూపం తీసుకుని ఉండవచ్చు.

పుస్తకాలు పూర్తిగా మానిపించవద్దు కానీ కొన్ని నెలలపాటు ఒక రకాన్ని పక్కన పెట్టండి. చనిపోయిన ఆత్మీయులు కొత్త రూపంలో, చెడ్డవాళ్లుగా తిరిగి వచ్చే కథలు ఇప్పుడు వద్దు. మనవాళ్లకు సహాయం చేసే దెయ్యం, దారి చూపే దెయ్యం, నవ్వించే దెయ్యం ఉన్న కథలు ఫరవాలేదు. కేథరిన్ ఆర్డెన్ 2018లో రాసిన ‘స్మాల్ స్పేసెస్’లో తల్లిని పోగొట్టుకున్న పిల్లే నాయిక, ఆ దుఃఖాన్ని అడ్డం పెట్టుకునే దుష్టశక్తి ఆమెను ఆశపెడుతుంది. చాలా మంచి పుస్తకం, కానీ దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఇచ్చేది కాదు. రెండేళ్లు పోయాక ఇవ్వండి. ఈలోగా వాడు అన్నం సరిగ్గా తినకపోయినా, నిద్రలో ఉలిక్కిపడి లేవడం వారాల తరబడి సాగినా, బడికి వెళ్లనని మారాం చేసినా పుస్తకాల మీద నెపం వేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి.

ప్రశ్న: మా పాప పుస్తకం చదవదు, ఫోనులో దెయ్యాల వీడియోలు మాత్రం చూస్తుంది. రెండూ ఒకటే కదా? (ఒక తండ్రి, రాజమహేంద్రవరం)

జవాబు: ఒకటి కాదు. పేజీ మీద భయం ఎక్కువైతే పిల్ల పుస్తకం మూస్తుంది, రెండు పేజీలు దాటవేస్తుంది, చివరికి ఏమైందో ముందే చూసుకుంటుంది. వీడియోలో భయపెట్టేది చాలావరకు హఠాత్తుగా వచ్చే శబ్దం, దాన్ని దాటవేయడానికి వ్యవధి ఉండదు, ఒకటి అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలవుతుంది. పైగా చాలా వీడియోలు నిజంగా జరిగిందని చెప్పుకుంటాయి. ముందుగా ఫోనులో వీడియోలు వాటంతట అవే వరుసగా నడిచే ఏర్పాటును ఆపివేయండి. తరువాత పాప ఎక్కువసార్లు చూసిన వీడియోలో దెయ్యం ఏ రకమో గమనించి, అటువంటిదే ఉన్న చిన్న కథ ఒకటి రాత్రి భోజనానికి ముందు చదివి వినిపించడం మొదలుపెట్టండి. ఉత్కంఠ ఉన్న చోట ఆపి, మిగతాది రేపు అని పుస్తకాన్ని పాపకు అందేచోట వదిలేయండి.